మునిర్కా గదిలో దగ్గు

2021 నవంబరులో నేను ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో ఒక వీసా న్యాయవాది దగ్గర సీనియర్ డాక్యుమెంట్ అసిస్టెంటుని. బ్రిటన్ యూరప్ కూటమి నుంచి తప్పుకున్నాక మొదలైన అప్పీళ్లకు సాక్ష్యాల కట్ట తయారుచేయడం నా పని. దాన్ని బండిల్ అంటారు. పద్దెనిమిదేళ్ల సర్వీసుకి నాకు కిటికీ లేని మూల ఇచ్చారు. అది వేరే సంగతి, మరిచిపోలేదు.

సునీత తెనాలి వైపు నుంచి వచ్చిన నర్సు. ఆమె సహచరుడు ఆల్విన్ గోవా వాడు. పోర్చుగీసు పాలన నాటి గోవా కుటుంబాలకు దొరికే పోర్చుగీసు పాస్‌పోర్టు మీద 2020 సెప్టెంబరులో ఇంగ్లండు వెళ్లాడు. పెళ్లికాని జంట అయితే, ఆ ఏడాది ముగిసేలోపు మామూలుగా రెండేళ్లు కలిసి ఉన్నట్టు చూపాలి. రుజువు లేదని ఆమెకు ఇంగ్లండు వెళ్లే పర్మిట్ ఇవ్వలేదు. అతని దగ్గరకు వెళ్లడానికి ఇక అప్పీలే దారి.

అతను వెళ్లేముందు వాళ్లు రెండేళ్లకు పైగా ఢిల్లీలోనే మునిర్కాలో ఒకే గదిలో ఉన్నారు. పెళ్లికాని జంటకు అక్కడ గది దొరకదు. అందుకని అద్దె కాగితంలోనూ, పోలీసు వెరిఫికేషన్ ఫారంలోనూ ఒక్కతినే అని రాసింది. ఇంటావిడ గుడికి వెళ్లిన వేళ చూసి అతను వచ్చిపోయేవాడు. అతని చొక్కా ఒక్కటి కూడా బయట ఆరేయలేదు.

బండిల్ దాఖలు చేసే గడువు పది రోజులుందనగా, ఒక మధ్యాహ్నం గది చూడటానికి వెళ్లాను. ఇంటావిడ గుమ్మం మీది నిమ్మకాయలు, మిరపకాయలు చూపించింది. ఎండి నల్లబడి ఉన్నాయి.

"లడ్కీ ఒక్కతే ఉండేది భయ్యా. కానీ లోపల మగమనిషి దగ్గేవాడు. రోజూ పొద్దున్నే!"

దయ్యమని ఆవిడ నమ్మకం. సునీత ఖాళీ చేశాక ఆ గది ఎవరికీ ఇవ్వలేదు. ఆ దగ్గు ఆల్విన్‌దే అనుకుని నాకు ప్రాణం లేచొచ్చింది. తన మాట ఎవరికి పనికొస్తుందో తెలియని సాక్షిని మించిన సాక్షి లేదు. చెప్పింది రాసి వినిపించాను.

"ఠీక్ హై. ఇదీ రాయి. ఇప్పటికీ వినిపిస్తోంది."

ఆల్విన్ వెళ్లి అప్పటికి ఏడాది దాటింది.

నోటరీ దగ్గరకు బయలుదేరదామని ఆవిడ శాలువా తెచ్చుకోవడానికి కిందికి వెళ్లింది. తాళం వేసిన తలుపు వెనక ఎవరో రెండుసార్లు పొడిగా దగ్గారు. పక్క గది తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరూ లేరు. ఈ సంగతి అఫిడవిట్‌లో లేదు. నేను సాక్షిని కాను.

మా న్యాయవాది ఫైలు తెరిచేది గడువు ముందు రోజే.

"ఆ 'ఇప్పటికీ వినిపిస్తోంది' లైను తీసెయ్యండి రావ్ సాబ్. దయ్యానికి కూడా వీసా అడుగుదామా?" అని అందరి ముందూ నవ్వాడు.

నోటరీ ముద్ర పడిన వాంగ్మూలంలో కోత పెట్టనని రాతపూర్వకంగా జవాబిచ్చాను. కాగితం అలాగే వెళ్లింది.

వీడియో విచారణలో బ్రిటన్ ప్రభుత్వం తరఫు అధికారి ఆ ఒక్క వాక్యమే చదివాడు. మనిషి వెళ్లిపోయాక కూడా వినిపించే దగ్గు, అంతకుముందు మాత్రం అతనిదేనని ఎలా నమ్మాలని అడిగాడు. అప్పీలు కొట్టేశారు.

సునీత ఫైలు తీసుకోవడానికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"రెండేళ్లు ఆయన్ని ఎవరికీ కనబడకుండా దాచాను అంకుల్. మీరు అసలు లేకుండానే చేసేశారు."

తర్వాత నన్ను అప్పీళ్ల పని నుంచి తప్పించారు. ఆ మెమో నా దగ్గర ఉంది. వాక్యం ఉంచడం తప్పని ఈ రోజుకీ ఒప్పుకోను. తప్పు జరిగింది వేరేచోట. ఇప్పటికీ వినిపిస్తోందన్న మాట విన్న వెంటనే ఇంటావిడను వదిలేసి, ఆల్విన్‌ను కళ్లారా చూసినవాళ్లను ఆ వీధిలో వెతకాల్సింది. పది రోజులుంది, వెతకలేదు. సాక్షి మాటను కత్తిరించే హక్కు మా పనిలో ఎవరికీ లేదు. ఏ సాక్షిని తీసుకోకూడదో తేల్చుకోవడం మాత్రం మా బాధ్యతే.