పద్ ఖాళీ

మొన్న మా మరైగూడ ఆంగన్‌వాడీకి మనవడిని ఎత్తుకుని పోయాను. అక్కడ పిల్లలను చూసుకునే అమ్మాయి ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, చంకలో ఒక చంటిదాన్ని ఇరికించుకుని, గుమ్మం దాటబోతున్న ఇంకొకడికి కాలు అడ్డం పెట్టి నిలబడి ఉంది. “ఏంది బిడ్డా, ఇంకో మనిషి లేదా?” అని అడిగాను. “ఏడుంది అమ్మమ్మా! సహాయిక పద్ ఖాళీగుంది. అడిగి అడిగి నా నోరు ఎండింది” అంది. నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. “నా తిప్పలు జూసి నవ్వుతున్నవా?” అంది. నీ తిప్పలు చూసి కాదు తల్లీ, ఆ రెండు మాటలు విని నవ్వాను అని, అక్కడే గడప మీద కూర్చుని మా అక్క సంగతి మొదలుపెట్టాను. గంజి మరుగుతున్నంతసేపూ చెప్పినా సగమే అయింది. మిగతాది ఇక్కడ చెబుతున్నాను.

అక్క అంటే తోడబుట్టింది కాదు. మా ఆయన అన్న భార్య. వరసకు తోడికోడలు, నోటికి అక్క. పెళ్లయి బిడ్డ పుట్టాక మా ఆయన నన్ను మరైగూడ నుంచి కిరండూల్ తీసుకుపోయాడు. కొండ మీద ఇనుప గని, కొండ కింద మా రేకుల ఇళ్ల వరసలు, ఆ రెంటికీ నడుమ రాళ్ల లారీలు తిరిగే దారి. అక్కడ అన్నిటికీ ఒకటే రంగు. ఉతికిన తెల్ల పంచె ఆరేలోపు బెల్లం రంగుకు తిరిగేది. మూత పెట్టడం మరిస్తే పిండి కూడా ఎర్రబడేది. మా అత్త మమ్మల్ని చూడడానికి వచ్చి, మొదటిరోజు నా కాళ్లు చూసి పసుపు పారాణి పెట్టుకున్నావా అని మురిసిపోయింది. కడిగి చూపించాక తెల్లవారే ఊరికి పోతానని మూట కట్టుకుంది.

మగవాళ్లు గనికి పోతే, ఆడవాళ్లు కంట్రాక్టర్ల కింద రాళ్లు కొట్టడానికి, తట్టలు మోయడానికి పోయేవాళ్లు. మరి పిల్లలో? నడుముకు తువ్వాలు చుట్టి, దాని రెండో కొసను పక్కనున్న ఇప్పచెట్టుకు కట్టేసేవాళ్లు. తల్లి రాయి కొడుతుంటే బిడ్డ ఆ దుమ్ములోనే ఏడ్చి, ఆ దుమ్ములోనే నిద్రపోయేది. తల్లులను తప్పుపట్టడానికి లేదు. కట్టకపోతే లారీ దారి పక్కనే ఉంది. అందుకే సర్కారు అక్కడ బాల్‌వాడీ పెట్టి, ఎనిమిదో తరగతి చదివిన మా అక్కను కార్యకర్తగా వేసుకుంటే, ఆ వరసల్లో ఆడవాళ్లంతా దేవుడి పటం ముందు నిలబడ్డట్టు ఆమె ముందు నిలబడ్డారట. నేను వెళ్లేసరికే అక్క ఆ పేటకు పెద్ద దిక్కు.

మనిషి పొడగరి. గొంతు గని సైరనుతో పోటీ పడేది. పాత సామాన్ల గది ఒకటి ఇచ్చారు, అదే ఆమె బాల్‌వాడీ. గుమ్మం దగ్గర నీళ్ల తొట్టి, తడిగుడ్డ. లోపలికి వచ్చే ప్రతి మొహాన్నీ తుడిచేది. తుడిస్తే గానీ ఎవరి బిడ్డో తెలిసేది కాదు మరి. ఒకసారి తుడవకుండా లోపలికి పంపిన పిల్లను సాయంత్రం ఒక ఒరియా తల్లి చంకనేసుకుని పోయి, ఇంట్లో స్నానం చేయించాక “అయ్యో, ఇది నాది కాదే” అని తిరిగి తెచ్చింది. అన్నానికి పిలవాలంటే అక్క తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి, హల్బీలో ఒకసారి, గోండిలో ఒకసారి పిలిచేది. నాలుగు పిలుపులకూ నాలుగు మూలల నుంచి పిల్లలు లేచేవాళ్లు. గోండి పిల్లలు మాత్రం తెలుగు పిలుపుకే సగం లేచేవాళ్లు, తినడానికి వాళ్ల మాట మన మాటకు దగ్గరే కదా.

ఆమె చేసినవాటిలో నాకు బాగా నచ్చింది చీర రైలు. తన పాత చీర ఒకటి పొడుగునా పరిచి, రెండు అంచులూ పిల్లల చేతికిచ్చి, ముందు కొస తాను పట్టుకుని కుళాయి దాకా నడిపించేది. వాళ్లు రోజూ చూసే రైలు అదే కదా, కొండ కింద రాళ్లు నింపుకుని విశాఖపట్నం పోయే రైలు. నోటితో కూత పెడుతూ పోయేవాళ్లు. అంచు వదిలినవాడు పట్టాలు తప్పినట్టు. పట్టాలు తప్పినవాడికి ఆ పూట బెల్లం ముక్క లేదు. అందుకని ముక్కు కారుతున్నా ఒక్కడూ చెయ్యి వదిలేవాడు కాదు.

ఇంతకీ కష్టం ఎక్కడ వచ్చిందంటే, బాల్‌వాడీకి ఇద్దరు ఉండాలి. పిల్లలను చూడడానికి కార్యకర్త, వంటకూ నీళ్లకూ సహాయిక. ఉన్న సహాయిక, మొగుడికి వేరే ఊరికి బదిలీ అయితే, అతని వెంట వెళ్లిపోయింది. ఆ చోటులోకి ఇంకో మనిషి రాలేదు. అక్క పొయ్యి దగ్గరుంటే గుమ్మం దగ్గర ఎవరూ లేరు. గుమ్మం దగ్గరుంటే దలియా, అదే పిల్లలకు వండే గోధుమరవ్వ జావ, అడుగంటుతుంది. ఒక మధ్యాహ్నం ఒక లారీ డ్రైవరు దారి మీద బండి ఆపి, భుజం మీద ఎర్రటి బొమ్మలాంటి పిల్లవాడిని మోసుకుని వచ్చాడు. “దీదీ, ఇది మీదేనా? చక్రం ముందు కూర్చుని ఆడుకుంటున్నాడు” అన్నాడు. అక్క ఆ పిల్లవాడి మొహం ఒకటికి రెండుసార్లు తుడిచింది. మర్నాటి నుంచి కొందరు తల్లులు బిడ్డలను పంపలేదు. ఇప్పచెట్టుకు మళ్లీ తువ్వాళ్లు కనిపించాయి.

పిల్లలు తగ్గిపోతే ఈ కేంద్రాన్ని ఎత్తేసి ఇంకో చోటికి మారుస్తారని మాట పుట్టింది. అక్క అన్నం మానేసింది. “చూడవే చెల్లె, మనిషి లేక పిల్లలు వస్తలేరు. పిల్లలు వస్తలేరని వాళ్లు మనిషినియ్యరు. నేనెట్ల జేయాలె చెప్పు” అని నా ముందు తల పట్టుకుంది. నాకేం తెలుసు? నా బిడ్డను ఒళ్లో వేసుకుని గుమ్మం దగ్గర కూర్చోవడం తెలుసు. అదే చేశాను. నాతోపాటు పక్కింటి శ్రీకాకుళం ముసలమ్మ కూడా వచ్చి కూర్చునేది. ఆమెకు చెవి కొంచెం దూరం, నోరు చాలా దగ్గర.

అట్లా ఉండగా ఒకరోజు జగదల్‌పూర్ నుంచి బాల్‌వాడీల తనిఖీకి జీపులో సాహెబ్ వచ్చాడు. వెంట గుమాస్తా. సరిగ్గా ఆ సమయానికి అక్క కుళాయి దగ్గర ఉంది. సాహెబ్ గుమ్మంలో నిలబడి గదంతా చూశాడు, పొయ్యి చూశాడు, నన్ను చూశాడు, చేత్తో చూపిస్తూ గుమాస్తాతో “సహాయికా కా పద్ ఖాళీ హై” అన్నాడు. గుమాస్తా రాసుకుంటూ పైకే అన్నాడు, “పద్ ఖాళీ. పద్ ఖాళీ.” అంతే, ఇద్దరూ వెళ్లిపోయారు.

పద్ అంటే హిందీలో ఉద్యోగమని, సహాయిక ఉద్యోగం ఖాళీగా ఉందని ఆయన చెబుతున్నాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాకొచ్చిన హిందీ సంత హిందీ. ఉల్లిగడ్డ ధర అడగడం వచ్చు, కాగితాల మీద రాసే హిందీ రాదు. ముసలమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. “విన్నావేటే? పదా అంతన్నాడు! ఖాళీ సేసీమంతన్నాడు!”

నాకూ అట్లాగే వినబడింది. పద, ఖాళీ. వేలు పెట్టి మరీ చూపించాడు కదా! కళ్ల నీళ్లు వచ్చాయి. “ఏడికి పోవాలె అమ్మా, చెప్పనే లేదు గదా?” అన్నాను. ముసలమ్మ అప్పటికే చాప చుట్టేస్తోంది. “ఖాళీ సేయించినోడే సోటు సూపించాల. నడు, ఆడి జీపు కాడికే పోదాం!”

ఆరోజు పని లేక ఇంట్లో ఉన్న ఆడవాళ్లను కేకేసింది. ఒకామె బరువు తూచే తక్కెడ భుజాన వేసుకుంది, ఒకామె పలక ఎత్తుకుంది, ఇద్దరు కర్రకు తగిలించి కాలే దలియా గిన్నెను మోశారు. నేను చీర పరిచాను. పిల్లలు మామూలుగానే అంచులు పట్టుకుని కూత పెట్టారు. ముందు ఇంజను ముసలమ్మ. లారీలు ఆగి దారి ఇచ్చాయి. ఆ రోజు పట్టాలు తప్పినవాడు లేడు.

జీపు గని క్యాంటీను ముందు ఆగి ఉంది, సాహెబ్ వరండాలో భోజనానికి కూర్చున్నాడు. రైలు అక్కడ ఆగింది. ముసలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. “బాబూ, నువ్వు పదా అన్నావు, వచ్చీసినాం. ఖాళీ అన్నావు, సేసీసినాం. ఇప్పుడీ పిల్లల్ని ఎక్కడెట్టమంటావు?” సాహెబ్‌కు ఒక్క ముక్క తెలియలేదు. చేతిలో రొట్టె చేతిలోనే ఉంది. గుమాస్తా లేచి నిలబడ్డాడు. అప్పుడే అక్క పరుగున వచ్చింది, చంకలో నీళ్ల బిందె, సగం నీళ్లు చీర మీదే. “ఏమైందే? గదిల పురుగు గూడ లేదు! ఎవలు తీస్కపోయిన్రు నా పిల్లల్ని?” నేను ఏడుస్తూ చెప్పాను. అక్క విని, సాహెబ్‌ను చూసి, మమ్మల్ని చూసి, బిందె కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. సైరను గొంతు కదా, క్యాంటీను వాళ్లు బయటికొచ్చారు. నవ్వుతూనే హిందీలో ఆయనకు చెప్పింది. ఆయన పెదవి బిగబట్టుకున్నాడు గానీ గుమాస్తా ఆపుకోలేకపోయాడు.

ఇంతలో పిల్లలు ఆకలని గోల చేశారు. అక్క నవ్వు ఆపేసింది. “ముందు తినాలె, తర్వాత మాటలు” అని ఆ వరండాలోనే గిన్నెలు పరిచి వడ్డించసాగింది. ఒక చంటివాడు పాకుతూ పోయి జీపు కిందికి దూరాడు. చూసింది సాహెబే. ఎంగిలి చేత్తోనే పరుగెత్తి, మోకాళ్ల మీద వంగి లాగి, ఎత్తుకొచ్చాడు. వాడు ఆయన చొక్కా వదల్లేదు. ఇంకొకతె వచ్చి ఆయన కాలు పట్టుకుంది. ఇంకొకడు ఆయన పళ్లెంలో రొట్టె తీసుకుని తాపీగా నమిలాడు. గుమాస్తా చేతికి ఎవరో చీర కొస ఇచ్చారు, ఆయనా పట్టుకుని నిలబడ్డాడు. తెల్ల చొక్కా మీద ఎర్రటి చేతులు అచ్చు పడుతుంటే సాహెబ్ అట్లాగే నిలబడి, “కాదు దీదీ, ఇన్నాళ్లూ నువ్వు ఒక్కదానివే ఎట్లా...” అని హిందీలో అనబోయాడు.

అక్క గరిటె ఎత్తి, “సాబ్, ఈ కాసేపు పద్ భర్తీ అయింది” అంది.

ఆ మాటకు మాత్రం ఆయన నవ్వాడు. నవ్వి, బిడ్డను దించకుండానే గుమాస్తాకు ఏదో చెప్పాడు. వెంటనే మనిషి వచ్చిందని చెప్పను. వానలు వచ్చి తగ్గేదాకా మేమే వంతులు వేసుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాం. కానీ కేంద్రం ఎత్తేస్తారన్న మాట ఆ రోజుతో పోయింది, చెట్టుకు కట్టిన తువ్వాళ్లూ ఒకటొకటిగా విప్పారు. చివరికి ఎవరిని పెట్టాలని అక్కనే అడిగినప్పుడు, నన్నే చెబుతుందని నేను ఆశపడ్డాను. “నీకు గాదు చెల్లె. కొండ పిల్లలు ఏడిస్తే నీ మాట వాళ్లకు తెల్వది” అని మొహం మీదే చెప్పేసి, గోండి మాట్లాడే ఒక తల్లి పేరు చెప్పింది. నాలుగు రోజులు అలిగాను. ఆ తల్లి వచ్చిన మొదటి ఉదయం, ఎప్పుడూ గోడవైపు తిరిగి కూర్చునే ఒక పసిది ఆమె పాట విని ఇటు తిరిగింది. నా అలక అక్కడ పోయింది.

అక్క ఇప్పుడు లేదు. ఆ చీర అంచు పట్టుకుని కూత పెట్టినవాళ్లలో ఒకడు ఇప్పుడు ఆ రాళ్ల రైలునే నడుపుతున్నాడు. ఆమె పోయిన రోజు వచ్చి, ఆమె కూర్చునే పీట చూసి, “పద్ ఖాళీ పిన్నీ” అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఇద్దరం రెండూ చేశాం.

ఆంగన్‌వాడీ అమ్మాయికి ఇదంతా చెప్పి వచ్చాక, మర్నాటి నుంచి పొద్దున్నే పోయి ఆ గుమ్మం దగ్గర కూర్చుంటున్నాను. సర్కారు మనిషిని పంపేదాకానే అని చెప్పాను. కాలం కూడా ఆ సాహెబ్ లాగే గుమ్మంలో నిలబడి మనందరికీ ఆ రెండు మాటలే చెబుతుంది. నాబోటివాళ్లకు అది పద, ఖాళీ అన్నట్టు వినబడుతుంది. మా అక్కకు మాత్రం, ఇక్కడ ఒక చోటు ఖాళీగా ఉంది, వచ్చి కూర్చో అన్నట్టే వినబడేది.