అక్క వాయించని భాగం

సంగీతం ఆగినంత మాత్రాన ముగిసినట్టేనా? వయొలిన్ కమానుకు రాసే గుగ్గిలం వాసన సోకితే నాకీ ప్రశ్నే గుర్తొస్తుంది.

ఎనభైలలో ఒక ఆదివారం, నంద్యాలలోని మా చర్చిలో రెండు వయొలిన్లకూ ఒక గిటారుకూ కట్టిన కొత్త రచన వాయించారు. గిటారు మా అక్కది. దానికోసం వేసవంతా బస్సులో ఆళ్లగడ్డలోని గిటారు మాస్టారు దగ్గరికి పోయివచ్చింది. వయొలిన్లు ఆగి, కాసేపటి నిశ్శబ్దం తర్వాత అక్క ఒక్కతే వాయించాలి.

వయొలిన్లు ఆగగానే అందరూ ప్రార్థన అనుకుని తలలు వంచారు. సంగీతమే మమ్మల్ని ప్రార్థనకు పిలిచిందని నమ్మి నేనూ కళ్లు మూసుకున్నాను. సంఘపెద్ద ప్రార్థించి ఆమెన్ అన్నాడు.

"బాగ వాయించినావు పాపా, ఇంగ కూచో."

"నేనింకా మొదలే పెట్టల్యా, పెద్దనాయనా."

అందరూ నవ్వారు. అక్క గిటారును సంచిలో పెట్టేసింది.

వాయిద్యం ఆగినప్పుడు, దయచేసి వాయించేవారి చేతులు చూడండి. అవి తీగలను వదిలేదాకా ఆగండి.