లోపల మైనస్, బయట ప్లస్

మా ఇంట్లో ఎవరూ నమ్మని మాట ఒకటుండేది. ఓడ ఉద్యోగంలో ఉండగా మా మేనమామ జపాన్ నుంచి తెచ్చిన వీడియో గేములో, ఆఖరి కోటను అమ్మ దాటేసిందట. మేం బడికెళ్లాక ఒక్కర్తీ ఆడి దాటేసిందట. "గంట మోగతాది. బటన్ నొక్కీదాకా ఆగదు," అనేది. మేమెవరం ఆ గంట వినలేదు. అందరికన్నా ఎక్కువ నవ్వింది నాన్న. "పప్పు మాడగొట్టి కల కన్నావేటే?" అనేవాడు. అమ్మ మళ్లీ ఆడి చూపించేలోపే ఎవరో దాని అడాప్టర్‌ని తిన్నగా గోడ ప్లగ్గులో పెట్టేశారు. అది వంద వోల్టుల దేశానిది, మనది రెండొందల ముప్పై. అడాప్టర్ పొగలు కక్కింది. అమ్మ మాట అబద్ధంగానే మిగిలిపోయింది.

మొన్న అటక దులుపుతుంటే ఆ గేము పెట్టె, కాలిపోయిన అడాప్టర్‌తో సహా బయటపడింది. అమ్మ దాన్ని కొంగుతో తుడుస్తుంటే చూసి, ఎలాగైనా బతికించాలనుకున్నాను. ఈలోగా స్టీల్‌ప్లాంటులో పనిచేసే మా చెల్లి మొగుడు వైఫై అడాప్టర్ పీకి తెచ్చేశాడు.

"పిన్ను దూరిపోనాది కదా బావా, ఇంకేటి నీ నస?" అన్నాడు దాన్ని పెట్టెకి గుచ్చుతూ.

"సెయ్యి తియ్యి ముందు!" అని అరిచాను. పిన్ను పడితే చాలనుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కాలికి పట్టినంత మాత్రాన గుడి బయటి చెప్పులు మనవైపోతాయా?

కాలిపోయిన అడాప్టర్ మీది అక్షరాలు భూతద్దం పెట్టి చదివాను. తొమ్మిది వోల్టుల డీసీ, పిన్ను లోపల మైనస్, బయట ప్లస్. చెల్లి మొగుడు తెచ్చింది పన్నెండు వోల్టులు, పైగా లోపల ప్లస్. దాంతో స్విచ్ వేసి ఉంటే ఈసారి పోయేది గేము పెట్టే.

మద్దిలపాలెంలో షాపులన్నీ తిరిగాను. ఎక్కడ చూసినా లోపల ప్లస్సే. "అన్నీ ఒకటే బాబూ, అట్టుకెల్లండి," అన్నారు. ఒకటి కాదు కాబట్టే తిరుగుతున్నానని విసుక్కుని బయటికొచ్చాను. చివరికి దొరికింది ఎక్కడనుకున్నారు? గిటార్లమ్మే కొట్లో! చర్చిలో గిటార్ వాయించేవాళ్లు కాలితో నొక్కే పెడల్‌కి సరిగ్గా ఇలాంటిదే వాడతారట. ఆంపియర్లు పాతదానికన్నా కాస్త ఎక్కువ. ఎక్కువైతే భయం లేదు, పెట్టె తనకి కావలసినంతే తీసుకుంటుంది. తక్కువైతేనే అడాప్టర్ వేడెక్కి చస్తుంది.

ఇంటికొచ్చి వోల్టులు కొలిచే మీటరు ఎర్ర తీగ పిన్ను లోపల, నల్ల తీగ బయట ఆనించాను. మైనస్ తొమ్మిది చూపించింది. ఆ మైనస్ చూసి నేను పొందిన ఆనందం ఇంకే ప్లస్ చూసీ పొందలేదు.

పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది. నాన్న కూర్మన్నపాలెం జంక్షన్‌కి టీకి వెళ్లి ఉన్నాడు. అమ్మ సేపల పులుసు సిమ్‌లో పెట్టి వచ్చి కూర్చుంది. మొదట్లో వేళ్లు తడబడ్డాయి, రెండుసార్లు చచ్చిపోయింది. తర్వాత కొంగు నడుముకి బిగించింది. ఆఖరి కోట గోడ దూకింది.

గంట మోగింది. నేను ఈల వేసేశాను. చెల్లి మొగుడు "ఓలమ్మో, అత్తా!" అని లేచి నిలబడ్డాడు. గంట మోగుతూనే ఉంది.

"ఇంక బటన్ నొక్కీయమ్మా, సెవులు పోతన్నాయి," అన్నాను.

అమ్మ రిమోటు ఒళ్లో పెట్టుకుని చేతులు కట్టుకుంది.

"నొక్కను. మీ నాన్నని టీ తాగి రానీ."