అమావాస్య నాడు ఆగిన యాప్

నేతగాళ్లకు చీరల డిజైన్లు పంపే యాప్ కంపెనీకి ఎమ్మిగనూరులో ఇంటి నుంచే పనిచేస్తాను. సర్వర్‌లో ఒక్కో ప్రోగ్రామూ నడిచే పెట్టెను కంటైనర్ అంటారు. సర్వర్‌ను చూసుకునే ఏఐ ఏజెంట్ వాటిని ఆపడానికి వాడే టూల్‌కు వివరణ రాస్తూ, "కదలిక లేనివాటిని ఆపవచ్చు" అన్నాను.

ఓ ఉదయం ఆదోని నుంచి మేనేజర్ ఫోన్ చేశాడు. "యాప్ తెర్సుకోలేదంట. నేతగాళ్లంతా మగ్గాలకాడ ఊరికే కూసున్నారు. ఏం రాసినావమ్మా?"

సర్వర్ తెరిచి చూశాను. ముందురోజు అమావాస్య. ఆ రోజు మా ఊళ్లో మగ్గాలు ఆడవు. యాప్ నడిచే కంటైనర్‌లో కదలిక లేదని ఏజెంట్ దాన్ని ఆపేసింది.

సంగతి విని, మగ్గం దగ్గర నాన్న నవ్వాడు. "నిన్న నేనూ కదల్లేదు కదమ్మా, నన్నూ ఆపేస్తాదేమో!"

"ఆపే ముందు మనిషిని అడగాలి" అని వివరణలో చేర్చి, యాప్‌ను మళ్లీ నడిపించాను.

ఇప్పుడు ప్రతి అమావాస్యకూ ఏజెంట్ నన్ను అడుగుతుంది, ఆపమంటారా అని. ఆపొద్దు, ఈరోజు యాప్‌కు కూడా సెలవని చెబుతాను.