పాప మెడ తిప్పిన వైపు

మా పాపకు ఫిట్స్ మొదలైనప్పుడు ఆరేళ్లు. వాకాడు అవతల, సముద్రానికి కాస్త లోపలగా ఉంటుంది మా ఊరు. మా ఆయన రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవాడు. నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. ఫిట్స్ వచ్చే ముందు పాప చేస్తున్న పని ఆపేసి, మెడ ఎడమవైపుకు తిప్పి, ఖాళీ చోటును చూస్తూ, "అమ్మా, ఆడ ఎవురో నిలబడుండారు" అనేది. ఆ మాట తర్వాత నాకు నాలుగైదు క్షణాలు దొరికేవి. ఆలోగా పట్టుకోలేకపోతే నిలువునా పడిపోయేది.

అలా కనపడటం కూడా జబ్బులో భాగమేనని, మెదడులో ఫిట్స్ మొదలయ్యేది అప్పుడేనని నెల్లూరు డాక్టరు గారు విడమరిచి చెప్పారు. నమ్మాను. ఆసుపత్రిలో నమ్మడం సులువు. మిట్టమధ్యాహ్నం, ఎండకు వాకిలి తెల్లగా మెరుస్తుంటే, పాప ఆ మాట అనగానే నేనూ అటు చూసేదాన్ని. ఒక్కసారి కూడా చూడకుండా ఉండలేకపోయాను.

మరుసటి ఏడు బోరింగు గట్టు మీద పడి పాప నుదురు చీలింది. తలకు మెత్తటి హెల్మెట్, ఫిట్స్ రాగానే నా ఫోను మోగేలా చేతికి కట్టే అలారం కొనమన్నారు డాక్టరు గారు. రెండూ మా తాహతుకు మించినవి.

"బిడ్డ కోసం అడగడానికి సిగ్గెందుకు అమ్మాయ్, పద" అంటూ మా చర్చి పాస్టరమ్మ నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిప్పింది. జనం ఇచ్చారు. కాని లోపలికి రమ్మనలేదు. డబ్బు చేతిలో పెడుతూ కొందరు నా ఎడమ భుజం అవతలికి చూసేవాళ్లు. పాపకు ఎవరో కనపడతారన్న మాట మాకంటే ముందే ఆ ఇళ్లకు చేరింది.

సగం డబ్బు పోగయ్యాక, ఒక మధ్యాహ్నం సముద్రపు ఒడ్డు పాళెం నుంచి ఒకామె వచ్చింది. నా ఈడుదే. ఆమె భర్త రెండేళ్ల కిందట సముద్రం మీద చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. శవం దొరకలేదని ఆమె బొట్టూ గాజులూ తీయలేదు.

"తక్కువ పడింది నేనిస్తానక్కా. పాపకు అది వచ్చేటప్పుడు నన్నొక మాట అడగనీ."

"ఏం మాట?"

"ఆడ నిలబడుండేది మా ఆయనేమో అని."

పొమ్మనాల్సింది. పాప నుదుటి మీది కుట్ల మచ్చ చూసి, "కూర్చో" అన్నాను.

మూడు రోజులు వచ్చి అరుగు మీద కూర్చుని పోయింది. నాలుగో రోజు కరెంటు పోయింది. గుంటల్లో నీళ్లు చిలికే మోటార్లు ఒక్కసారిగా ఆగిపోయి ఊరంతా చెవులు మూసినట్టయింది. గుండీలు దారానికి గుచ్చుతున్న పాప మెడ తిప్పింది.

"అమ్మా, ఆడ ఎవురో నిలబడుండారు."

ఆమె మోకాళ్ల మీద ముందుకు జరిగింది. "ఎట్టుండాడు పాపా?"

ఆ స్థితిలో పాప ఎవరికీ ఎప్పుడూ బదులు చెప్పలేదు. ఆ రోజు చెప్పింది.

"తడిసిపోయుండాడు."

పాప నా చేతుల్లో బిగుసుకుపోయింది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, డాక్టరు గారు చెప్పినట్టు గడియారం చూస్తూ కూర్చున్నాను. ఒళ్లు సడలాక తలెత్తితే, ఆమె ఇంకా ఆ మూలనే చూస్తోంది. కొంగు సర్దుకుని, మెల్లగా, "సరే, ఇంక పోవయ్యా" అంది. డబ్బు కుట్టుమిషను మీద పెట్టి వెళ్లిపోయింది.

వారంలోగా ఆమె గాజులు తీసేసిందనీ, కర్మ జరిపించిందనీ తెలిసింది. అప్పటికే హెల్మెట్, అలారం రెండూ కొనేశాం. పాళెం వెళ్లి, వల బాగుచేసుకుంటున్న ఆమె ముందు కూలబడ్డాను.

"అది జబ్బు. పాప చెప్పింది నిజం కాదు. నేను అడగనీకుండా ఉండాల్సింది."

ఆమె చేతిలో పని ఆపలేదు. "నాకు తెల్దా అక్కా? రెండేళ్లు దినామూ రేవుకి పోయి నిలబడినా. ఇంక చాల్లే అని పెద్దోళ్లు ఒక్కరూ అనలా. ఎవురో ఒకరు అనాల గదా."

ఆ తర్వాత ఇంకా కొందరు వచ్చారు. ఒకాయన పారిపోయిన కొడుకు గురించి, ఒకామె చచ్చిపోయిన అత్త గురించి. తలుపు తీయలేదు. పాపను ఒకసారి అడిగాను, తడిసిపోయుండాడని ఎందుకన్నావని. "నేనెప్పుడన్నా?" అంది, నిజంగానే ఆశ్చర్యపోయి.

మందులు మార్చాక ఫిట్స్ తగ్గాయి. వచ్చినా ఇప్పుడు ఎవరూ కనపడటం లేదు. ఒక్కసారిగా దబ్బున పడిపోతుంది, అలారం మోగుతుంది, నేను పరిగెత్తుతాను. పసుపు హెల్మెట్ పెట్టుకునే బడికి పోతోంది.

ఈ ఏడు ఆ హెల్మెట్ బిగుతైంది. మళ్లీ ఇల్లిల్లూ తిరుగుతున్నాను, ఈసారి ఒక్కదాన్నే. గడప దగ్గరే ముందుగా చెప్పేస్తున్నాను, "మా పాపకు ఫిట్స్. అంతే. ఎవరూ కనపడరు" అని. మొన్న ఒక పెద్దామె నోటు నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి అడిగింది.

"మరి నీకు?"