డీజిల్ వాసన వేసిన జర్మన్ బండి

రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ సైనిక బండి హాఫ్‌ట్రాక్ మీద వ్యాసం రాశానంటే అమెరికాలోని మా బెంటన్‌విల్ తెలుగు సంఘంలో అందరూ నవ్వారు. ఉగాది సంచిక చూస్తున్న మిత్రుడు మాత్రం, "సోమవారంలోగా మంచి ఫోటో పంపు బాస్, లేదంటే ఆ పేజీలో పులిహోర రెసిపీ వేసేస్తా" అన్నాడు. ఆరు నెలలు చదివి రాసింది పులిహోర పాలు కావడం నాకిష్టం లేదు.

శనివారం ఉదయం ఏడింటికి కార్లో బయల్దేరాం. పక్క సీట్లో మా మామగారు, తణుకు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. రెండు నెలల క్రితం వ్యాసం చదవమని ఇస్తే మడిచి జేబులో పెట్టుకున్నారు, అంతే. ఎనిమిదిన్నరకి గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగి ఇడ్లీలు తిన్నాం. వ్యాసం మాట ఆయనా ఎత్తలేదు, నేనూ అడగలేదు.

పదింటికి మిజోరీలోని ఆ చిన్న మ్యూజియం చేరాం. టికెట్ పది డాలర్లు, వయసు పైబడినవాళ్ళకి ఎనిమిది. షెడ్డు మధ్యలో ఉంది బండి: ముందు రబ్బరు చక్రాలు, వెనక ట్యాంకుకున్నట్టు ఇనప పట్టాలు, చుట్టూ ఏటవాలు ఉక్కు రేకు. ఫిరంగులు లాగే ట్రాక్టర్‌కి కవచం తొడిగి, ట్యాంకుల వెంట సైనికుల్ని మోసుకెళ్ళేలా చేశారని ఆయనకి వివరించబోయాను.

"మన వరి పొలాల్లో తిరిగే దమ్ము చక్రాల ట్రాక్టరేనండి. బురదలో నెట్టేది వెనకాల, దారి తిప్పేది ముందు" అన్నారు. నా ఆరు పేజీలూ ఒక్క మాటలో తేలిపోయాయి.

ఫోటో తీయబోతుంటే ఆయన వంగి, కారే చుక్కలు పట్టడానికి బండి కింద పెట్టిన పళ్ళెంలో వేలు ముంచి వాసన చూశారు. "ఇది డీజిలండి."

బోర్డు మీద జర్మన్ అని ఉంది, తలుపు మీద జర్మన్ గుర్తు ఉంది. నేను చదివిన జర్మన్ హాఫ్‌ట్రాకులు మాత్రం పెట్రోలువి. బోర్డు తప్పా, నేను తప్పా, మామగారి ముక్కు తప్పా?

అక్కడి ముసలి వాలంటీర్‌ని అడిగితే నవ్వాడు. "యుద్ధమయ్యాక అదే నమూనాలో చెకోస్లోవేకియా వాళ్ళు చేసింది. డీజిల్ ఇంజన్ వాళ్ళది, రంగు మాది. ఆకారం జర్మనే కదా."

సగం చక్రాలు, సగం పట్టాలు, ఇప్పుడు సగం జర్మన్. వచ్చినందుకు ఒక ఫోటో తీసుకుని, రెండింటికి తిరుగుదారి పట్టాం. ఇక పులిహోరే గతి అనుకుని దిగులుగా డ్రైవ్ చేస్తూ, "అయినా మీకు వాసన చూడాలని ఎందుకు తోచింది మామగారూ?" అన్నాను.

ఆయన జేబులోంచి మడతలు నలిగిన నా కాగితాలు తీశారు. "మూడో పేజీలో పెట్రోలని మీరే రాశారు కదండి. నాలుగుసార్లు చదివాను."

ఇంటికి రాగానే ఆ ఫోటోనే పంపాను. కింద ఇలా రాశాను: చూడ్డానికి జర్మన్, వాసనకి కాదు. కనిపెట్టినవారు, ఈ వ్యాసానికి మొదటి పాఠకులు, మా మామగారు.