శుక్రవారం సీరియల్‌కు యతిరాజులు చెప్పిన ముగింపు

తిరుచానూరులో యతిరాజులుగారిని ఎరగనివాళ్ళు తక్కువ. ఉత్తరాది సేట్లు కట్టించిన సత్రంలో గుమాస్తాగా చేరి, అందులోనే ముసలివాడయ్యాడు. మూటలతో దిగే యాత్రికులతో మాట్లాడీ మాట్లాడీ హిందీ పట్టుకున్నాడు. గదులు నిండిపోయిన రోజున కూడా ఆయన నోట "లేదు" అన్న మాట ఎవరూ వినలేదు. "కూర్చోండి, కాసేపట్లో ఖాళీ అవుతుంది" అనేవాడు. ఖాళీ కాదని ఆయనకు తెలుసు. పాపం వాళ్ళు మెట్ల మీదే పిల్లలకు అన్నాలు పెట్టుకుని, అక్కడే ముడుచుకుని పడుకుని, తెల్లారి ఆయనకే దండం పెట్టి కొండకు పోయేవాళ్ళు. మంచివాడని పేరు. నాకు ఆ మంచితనం ఎప్పుడూ రుచించలేదు.

"స్వామీ, లేదంటే పక్క సత్రానికన్నా పోతారు గదా" అన్నాను ఒకసారి.

"ఇంత దూరం వచ్చినోళ్ళ మొగం సూసి ఆ మాట ఎట్ల జెప్పేదమ్మా సుబ్బులమ్మా" అన్నాడు.

ఆయన భార్య తొందరగానే పోయింది. ఒక్కడే కొడుకు, వేంకటాచలపతి. తిరుపతిలో ఒక ప్రెస్సులో అచ్చు అక్షరాలు కూర్చే పని. సుందరవల్లిని పెళ్ళాడి ఏడాది తిరిగిందో లేదో, డెబ్బై మూడులో ఒకనాటి ఉదయం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పూతలపట్టులో చిన్నాన్న ఇంటికి పోయి వస్తానని బస్సెక్కాడు. పూతలపట్టులో దిగలేదు. ఇంకెక్కడ దిగాడో ఎవరూ చెప్పలేదు. ఇంట్లో కొట్లాట లేదు, బయట శత్రువులు లేరు. పోలీసులు వచ్చి కాఫీ తాగి పోయారు.

ఆ రోజు నుంచి ఆ ఇంటి వీధి తలుపుకు గడియ పడలేదు. "వాడు వచ్చి తట్టి, మనకు మెలకువ రాకపోతే?" అనేవాడు యతిరాజులు. నిండా ఇరవై ఏళ్ళు లేని పిల్ల, గడియ లేని తలుపు వెనుక, తలాపున రోకలి పెట్టుకుని పడుకునేది. ఆయనకు నిద్ర పట్టేది. ఈ పిల్లకు పట్టేది కాదు.

ఇలాంటి వాటికి మన పెద్దలు ఒక దారి పెట్టారు. మనిషి కనబడకుండా పన్నెండేళ్ళు గడిస్తే, దర్భలతో బొమ్మ చేసి, పోయినవాడి పేరు చెప్పి దహనం చేస్తారు. తండ్రి బతికుంటే తండ్రే చేయాలి. ఆ పొద్దు నుంచి పెళ్ళాం విధవ కిందే లెక్క. కడుపు కోసే పనే, కాదనను. కానీ లెక్క తేలుతుంది.

సుందరవల్లికి ఆ లెక్క తేలడం కావాలి. ఆమె అక్క కుముదవల్లి మొగుడికి శ్రీహరికోటలో ఉద్యోగం. పిల్లలు చిన్నవాళ్ళు, వచ్చి మాతోనే ఉండిపొమ్మని అక్క పిలుస్తూనే ఉంది. అక్క అత్తగారు మాత్రం ఆచారాల మనిషి. "బొట్టుతో వస్తే మొగుడేడని అడుగుతారు, లేకుండా వస్తే ఎప్పుడు పోయినాడని అడుగుతారు. ముందు మామగారిని అడిగి తేల్చుకుని రమ్మను" అని కబురు చేసింది.

"నువ్వే అడగరాదా?" అన్నాను సుందరవల్లితో.

"మొగుడికి కొరివి పెట్టమని కోడలు నోరు తెరిసి అడగతాదా పెద్దమ్మా? ఆయనే అనాల. వాడింక రాడమ్మా అని ఒక్క మాట అంటే, మిగతాది నేను సూసుకుంటా."

పన్నెండేళ్ళు నిండిన సంవత్సరమే మా వీధిలోకి మొదటి టీవీ వచ్చింది. మా ఇంటికే. పసుపు కుంకుమ కొట్టు మీద నేను సంపాదించి కొన్నది, ఎవరూ పెట్టింది కాదు. కాబట్టి చూడవచ్చేవాళ్ళకు కట్టుబాట్లు కూడా నావే. చెప్పులు బయట. తాంబూలం ఉమ్మేది వీధిలో. శుక్రవారం, అమ్మవారి దినం, దీపం పెట్టిన ఇంట్లో చావు మాట పలకకూడదు.

సరిగ్గా శుక్రవారమే హిందీ సీరియల్. అర్థమయ్యేది యతిరాజులు ఒక్కడికి. ఆయనకు టీవీ పక్కన కుర్చీ వేసేదాన్ని. వాళ్ళు ఆడ మాట్లాడుతుంటే ఈయన ఈడ తెలుగులో చెప్పేవాడు. కథ ఏమంటే, బొంబాయిలో ఒకాయన ఆఫీసుకని పోయి తిరిగి రాలేదు. పెళ్ళాం వెతుకుతోంది. ఆయన స్నేహితుడు వెంటే ఉండి సాయం చేస్తున్నాడు. మీసాల ఇన్స్పెక్టరు ఒకడు ఏమీ మాట్లాడకుండా అందరినీ చూస్తుంటాడు. సుందరవల్లి స్తంభానికి ఆనుకుని కూర్చుని, రెప్ప వేయకుండా చూసేది. ఇరుగుపొరుగు టీవీని ఒక కంట, ఆమెను ఒక కంట చూసేవాళ్ళు.

యతిరాజులు చెప్పే తీరులో మాత్రం ఆ సీరియల్లో ఎవరూ చచ్చేవాళ్ళు కాదు. వాచ్‌మన్‌ను కత్తితో పొడిస్తే "సొమ్మసిల్లినాడు" అన్నాడు. టైపు కొట్టే పిల్ల మేడ మీద నుంచి పడితే "కాలు బెణికింది" అన్నాడు.

"కాలు బెణికితే దుప్పటి మొగమ్మీదికి కప్పినారేంది సామీ?" అంది పూలు అమ్మే చెంగమ్మ.

"సలికి."

"బొంబాయిలో అంత సలా?"

జనం నవ్వారు. నా కట్టుబాటు కోసం అలా చెబుతున్నాడని నేను మొదట మెచ్చుకున్నాను. తర్వాత తర్వాత అర్థమైంది, నా ఇల్లు కాకపోయినా ఆయన అలాగే చెప్పేవాడని.

ఆఖరి శుక్రవారం మా వసారా కూడా నిండింది. ఇన్స్పెక్టరు మనుషులను తెచ్చి, ఆ స్నేహితుడి కార్ఖానాలో సిమెంటు నేల పగలగొట్టించాడు. లోపల ఏముందో చూపించలేదు. ఇన్స్పెక్టరు ఒక చేతి గడియారాన్ని రుమాలులో పెట్టి తెచ్చి ఆ పెళ్ళానికి ఇచ్చాడు, మెల్లగా రెండు మాటలు చెప్పాడు. స్నేహితుడికి బేడీలు వేశారు. ఆమె ఇంటికి పోయి, లోపలికి అడుగు పెట్టి, తలుపు మూసి గడియ పెట్టుకుంది. అంతే, పేర్లు పడ్డాయి.

యతిరాజులు ఆ రెండు మాటలు తెలుగులో చెప్పలేదు.

"ఏమన్నాడు సామీ ఆ మీసాలాయన?" అంది చెంగమ్మ.

"గడియారం దొరికింది అన్నాడు. అది అమ్ముకుని కలకత్తా పోయినాడంట. అక్కడ బాగుండాడంట. జాబు రాస్తాడంట."

"మరి ఆ దోస్తుకు బేడీలేల?"

"గడియారం దొంగిలించినందుకు."

"ఇంతకూ అమ్మినాడా, దొంగిలించినారా?" అన్నాడు సైకిల్ షాపు మునిరత్నం. "ఇన్ని వారాలు ఊపిరి బిగబట్టి కూసుంటే ఆఖరికి కలకత్తా పంపిస్తిరా సామీ. దీనికంటే తోలుబొమ్మలు మేలు."

"పోనీలేబ్బా, బతికుండాడు గదా" అని చెంగమ్మ బుట్ట ఎత్తుకుంది. ఆవలిస్తూ, చప్పగా ఉందనుకుంటూ అందరూ లేచారు.

సుందరవల్లి లేవలేదు. మేము ముగ్గురమే మిగిలాం. ఆమె కొంగు సర్దుకుని మామగారి ఎదురుగా వచ్చి కూర్చుంది. అన్నేళ్ళలో ఆమె ఆయన ముఖంలోకి చూసి మాట్లాడటం నేనెన్నడూ చూడలేదు.

"మామా, సొమ్మసిల్లినోడికీ సచ్చినోడికీ తేడా నాకు తెలీదా? మొదటి వారం నుంచీ తెలస్తానే ఉండాది. మీరే ఎప్పుడో ఒకప్పుడు సెబుతారని సూస్తిని."

ఆయన కండువా మడత పెట్టుకుంటున్నాడు.

"ఆయమ్మ తలుపేసి గడియ పెట్టుకునె. సూసినారు గదా. మనమెప్పుడు పెట్టుకునేది?"

"గాలికి పడింది ఆ తలుపు" అన్నాడు యతిరాజులు.

"గాలి గడియ పెడుతుందా స్వామీ? దీపం నేనే లోపల పెట్టి వస్తాను, చెప్పాల్సింది చెప్పేయండి. పిల్ల అడగతా ఉండాది" అన్నాను నేను.

ఆయన నా వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు. పెదవులు కదిలాయి. ఆ మాట గొంతు దాకా వచ్చిందనే అనుకున్నాను. "వచ్చే ఆడిమాసం పోనీమ్మా, అయ్యోరిని అడిగి సూద్దాం" అని లేచి, చెప్పులు తొడుక్కుని పోయాడు. సుందరవల్లి ఏడవలేదు. చాప చుట్టి గోడకు ఆనించి, ఆయన వెనుకే పోయింది.

పది రోజులకు మునిరత్నం మద్రాసు పోయి అసలు సంగతి మోసుకొచ్చాడు. ఆ స్నేహితుడే చంపి నేల కింద పూడ్చాడట. ఇక చూడాలి మా వీధి. కలకత్తా ముగింపు విని ఆవలించినవాళ్ళే, ఇది విని అన్నం మాని మాట్లాడుకున్నారు. చెంగమ్మ పూలు కడుతూ కడుతూ ఆ స్నేహితుణ్ణి తిట్టింది, ఆ పెళ్ళాం కోసం కన్నీళ్ళు పెట్టుకుంది, తర్వాత మరిచిపోయింది. కథలు సుఖంగా ముగియాలని పట్టుబట్టేవాళ్ళకు నేను చెప్పేది అదే. చెడ్డగా ముగిసినా, నిజంగా ముగిస్తే జనం ఏడ్చి ఇంటికి పోతారు. ముగించకపోతే ఎక్కడికి పోతారు?

ఆడిమాసం పోయింది. తర్వాత పురటాశి అన్నాడు, తర్వాత తై అన్నాడు, అరవ నెలలు ఒక్కొక్కటే దాటించాడు. మరుసటి ఏడు ఎండాకాలంలో, సత్రం అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పూతలపట్టు నుంచి తమ్ముడి కొడుకు వచ్చి కర్మ చేశాడు. వేంకటాచలపతి పని కూడా నువ్వే కానిమ్మని అడిగితే, "తండ్రే ఒప్పుకోంది నేనెట్ల జేసేది? రేపు వాడు వస్తే ఆ పాపం నాకేల?" అని, మైల విడిచిన మర్నాడే బస్సెక్కాడు. శ్రీహరికోట నుంచి పిలుపులు తగ్గాయి. అక్క పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఇక అవసరం లేదు.

మొన్న మా వీధిలో పెళ్ళికి సుందరవల్లి కూడా వచ్చింది. పేరంటాళ్ళను వరసగా కూర్చోబెట్టి, పెళ్ళివారి పిల్ల ఒకతె కుంకుమ భరిణ పట్టుకుని ఒక్కొక్కరికే పెడుతూ వస్తోంది. తన వంతుకు ఇంకా ఇద్దరు ఉండగానే సుందరవల్లి లేచి, మంచినీళ్ళు తాగి వస్తానని చెప్పి, పందిరి దాటి ఇంటి దారి పట్టింది. ఆ పిల్ల ఖాళీ చోటు దాటి పక్కావిడకు బొట్టు పెట్టింది.